మీటర్లో ఐదు

సూర్యాపేట నుంచి కోదాడ పోయే రోడ్డు పక్కన, చిన్న సిలిండర్లకు గ్యాస్ నింపే దుకాణం. ధర్మేందర్ అప్పుడే షట్టర్ తీసిండు. తాళంచెవులు ఇంకా చేతిలోనే ఉన్నయి. మిర్చిబజ్జీల బండి బాలమ్మ ఖాళీ సిలిండర్ దించి నిలబడ్డది.

"గ్యాస్ తర్వాత నింపుదువు గాని సేటూ. ముందు నువ్వు వస్తవా, రావా?"

"ఎక్కడికి బాలక్కా?"

"ఇందాకట్నుంచి గదే గదా చెప్పేది! తుంగతుర్తికి. ఇయ్యాల పెద్దమనుషులు కూసుంటరు. కోడలి పుట్టింటోళ్లు పిలిచిండ్రు."

"మీ ఇంటి పంచాయితీల నాకేం పని? దుకాణం..."

"నువ్వే సాక్షివి. బాలమ్మ ఎప్పుడొచ్చినా ఐదు కిలోలు పోసిన అని ఒక్క మాట చెప్పి వచ్చేద్దువు."

"గంతేనా?"

"గంతే. వారం రావాల్సిన గ్యాస్ మూడు దినాలకే ఖతం అయితాంది. బండి కాడ ఉండేది నేను, కోడలు కావ్య. నేను మూకుడు ముందట్నుంచి లేవ. సిలిండర్ మోసేది, పెట్టేది ఆ పిల్లనే. మరి గ్యాస్ ఎటు పోయింది?"

"పొయ్యి ఏమన్న లీకు..."

"సబ్బునురుగు పెట్టి నువ్వే సూస్తివి గదా. లీకు లేదంటివి."

"అవును. అన్న."

"పైపు కూడా కొత్తది, నీ దగ్గర కొన్నదే."

"అవునక్కా."

"మరింకేంది? చాటుగా అమ్ముకుంటాంది. గిరాకీ ముందట్నే దొంగ అన్న. సంచి పట్టుకొని బస్సెక్కింది."

"దొంగ అన్నవా? అందరి ముందట?"

"అన్న. ఇగ నా కొడుకు నాతోని మాట్లాడుత లేడు. లారీ దిగినా ఇంటికి రాడు, మిర్యాలగూడల మిల్లు కాడనే పంటాండు. ఆ పిల్ల తప్పొప్పుకుంటే తోలుకొస్త. లేకుంటే తెగదెంపులే."

"బాలక్కా, చాయ్ తాగుదువా?"

"చాయ్ ఎందుకు? సూర్యాపేటల బస్సు మారాలె. అంగీ మార్చుకో."

"జర కూసో. ఒకటి అడుగుత. బండికి నూనె ప్యాకెట్లు తెస్తవ్ గదా. లీటరు ప్యాకెట్ కిలో తూగుతదా?"

"ఎట్ల తూగుతది? తొమ్మిదివందల పది గ్రాములని దాని మీదనే ఉంటది. కావ్యనే చదివి చెప్పింది."

"గ్యాస్ అంతకన్న తేలిక."

"ఉంటే ఉండనీ. నాకెందుకు?"

"సిలిండర్ల పడ్డంక అది నీళ్ల లెక్కనే ఉంటది, ఊపితే కదుల్తది. కానీ నీళ్లంత బరువు ఉండదు. లీటరు నీళ్లు కిలో. లీటరు గ్యాస్ అరకిలో, మహా అయితే మీద ఇంకింత."

"అయితే?"

"నా పంపు మీటర్ సూపెట్టేది లీటర్లు."

"మీటర్ల ఐదు అని నా కండ్లతోని సూసేదాన్ని గదా!"

"ఐదే. ఐదు లీటర్లు. కిలోల్ల సూస్తే రెండున్నర, మీద కొసరంత."

"నీకు ఎరుక లేకనా?"

"మొదట్ల ఎరుక లేకుండె. నాకు గ్యాస్ కిలోల లెక్కన వస్తది. పెద్ద సిలిండర్ ఖాళీ కావాల్సిన నాటికి సగం మిగిలే ఉండె. మీటర్ చెడిందేమోనని మిస్త్రీని పిలిస్తే నవ్విండు. మీటర్ సక్కగనే ఉంది సేటూ, లీటరును కిలో అనుకుంటున్నవ్ అన్నడు."

"గదెప్పుడు?"

"పోయిన వానకాలం."

"ఇప్పుడు ఎండకాలం, యాసంగి కోతలు నడుస్తున్నయి."

"ఆ."

"గన్నాళ్లా?"

"మిగులు కండ్ల పడ్డంక నోరు రాలేదక్కా. ఎవరూ అడగలే. నేనూ చెప్పలే."

"నేనడిగిన. గ్యాస్ ఎందుకు ఆగుత లేదు సేటూ అని గీడనే నిలబడి అడిగిన."

"మంట తగ్గించుకోమన్న."

"ఆ మాట తీస్కపోయి కావ్య నెత్తిన కొట్టిన. మంట పెద్దగ పెడ్తున్నవని తిట్టిన."

"తప్పే. ఇయ్యాల కాంటా మీద తూచి నింపుత. ఇన్నాళ్లు తక్కువ పోసిందంతా కలిపి..."

"సిలిండర్ ముట్టకు!"

"మరేం చెయ్యమంటవ్?"

"అంగీ మార్చుకొమ్మన్న గదా. సాక్ష్యానికి రావాలె. ఈ మీటర్ మాట ఆడ చెప్పు. పెద్దమనుషులకు తర్వాత, ముందు కావ్యకు చెప్పు."

"దుకాణం పేరు పోతదక్కా. కోదాడ దాక పాకుతది."

"కావ్య పేరు బజార్ల పడ్డనాడు ఎందాక పాకిందో తెలుసా?"

"వస్త. వస్తనక్కా. ఆ పిల్ల ఏమన్నా పడుత. పాపం, ఈ లెక్క తెల్వక నిన్నేం అనలేక..."

"తెలుసు."

"ఏందీ?"

"దానికి తెలుసురా ధర్మేందరూ. నువ్వు నింపిన సిలిండర్ వడ్ల కాంటా మీద పెట్టి, సగమే ఉంది అత్తా, సేటు తక్కువ పోస్తుండు అని సూపెట్టింది. కాంటా తప్పు సూపెడ్తది గాని సేటు తప్పు పొయ్యడు, నువ్వే దొంగవు అని నేనే అన్న."