లెక్క రోజు సెలవు

1976లో ఒమన్‌లోని బహ్లా దగ్గర కట్టడం పని ఆగిపోయిన మర్నాడు, కంపెనీ ఆఫీసులో గుమాస్తా ముందు ఒక కూలీ నిలబడి ఉన్నాడు.

“సార్, పని పోయినోళ్లకు రెండు నెలల పైసలిస్తున్నరట గదా. నాతోని పనిజేసిన పోశెట్టికి వచ్చినయ్. నాకు రాలే.”

“అది మనకు కాంట్రాక్టు ఇచ్చిన పెద్ద కంపెనీ పెట్టిన ఫండయ్యా. మూడు నెలలకోసారి మనిషికింతని మన అర్బాబు, అదే మన కంపెనీ యజమాని, కడతాడు. ఎవరి పేరు రాసి కడితే వాళ్లకే వస్తాయి. నీ పేరు రాయలేదు.”

“రెండేండ్ల సంది చేస్తున్న సార్. ఎందుకు రాయలే?”

“తొంభైమందికీ కడితే అర్బాబుకేం మిగులుతుంది? నలభైమందినే చూపించాం.”

“మరి ఫండోళ్లు సైటుకొచ్చి మనుషుల లెక్కపెడతరు గదా?”

“ప్రతిసారీ వచ్చారు. ఆ రోజు నువ్వెక్కడున్నావు?”

“మీరే గదా సార్, డ్యూటీ వద్దు, ఖర్జూరం తోటల పండుకోండ్రని లారీల పంపిండ్రు. జీతంతోని సెలవిచ్చిండ్రని సంబురపడ్డం.”

“కోడికూర కూడా పంపాను. తిన్నావా, లేదా?”

“తిన్న సార్.”

“ఇంకేం మరి?”

“సరే సార్, పైసలొద్దు. చేరిననాడు మీరు తీస్కున్న నా పాస్‌పోర్టు ఇయ్యుండ్రి, పోత.”

“ఎక్కడికి? మస్కట్‌లో ఫండు ఆఫీసుకా?”

“ఇంటికే సార్. మా అవ్వ మీద ఒట్టు.”

గుమాస్తా సొరుగుకు తాళం వేశాడు.

“మా దగ్గర పనే చెయ్యనివాడి పాస్‌పోర్టు మా దగ్గరెందుకుంటుందయ్యా?”