దొరల ఎగురుడు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, జనవరి నెల, పొద్దు వాలే వేళ. మదనపల్లె దగ్గర ఒక మిషను ఆసుపత్రి తోటలో, ఆల్ప్సు కొండల నుంచి వచ్చిన దొరలు తమ ఊళ్ల పాటా ఆటా చూపిస్తున్నారు. వెనక చాప మీద నర్సు రూతు, పల్లె నుంచి వచ్చిన ఆమె తండ్రి బర్నబాసు.

"ఆ గొట్టం సూడు పాపా. ఊదేవాడు ఈడ, దాని మూతి ఆడ. మజ్జన ఒక ఎద్దును పడుకోబెట్టచ్చు."

"గమ్మునుండు నాయనా. ముందర కూర్చున్నోళ్లు తిరిగి చూస్తాండారు."

"సూడనీ. నేను తెలుగులో గదా మాట్లాడేది. ఇంతకీ ఏమంటాది ఆ గొట్టం?"

"సత్యానందం సారు ఇంగ్లీషులో విని తెలుగులో చెప్తాండాడు గదా. వినలేదా?"

"విన్నా. మళ్లా నువ్వు సెప్పు."

"సాయంత్రం అయితే కొండ మీద పశువుల్ని పిలిచేదానికి ఊదుతారంట."

"పశువుల్ని పిలిసేదానికా! మీ అవ్వ దిబ్బ మీద నిలబడి ఒక కేక పెడితే, చెరువు అవతల ఉండే ఎనుము తోక ఎత్తుకోని వస్తా ఉండె. దానికింత మాను నరికి తొలిచినారా? మద్రాసు నుంచి కుప్పం దాకా రైల్లో, ఆడినించి ఈడికి లారీలో, ఈ గొట్టాన్ని మోసుకోని వచ్చినారా?"

"నన్ను నవ్వించద్దు. నేను యూనిఫారంలో ఉండాను."

"నవ్వితే ఏమి? నవ్వేదానికే గదా పిలిసినారు. ఆ గంటలు సూడు, దుత్తలంత ఉండాయి. మన పుంగనూరు ఆవు మెడకు అది కడితే మళ్లా తల ఎత్తదు, పాపం."

"వాళ్ల ఆవులు పెద్దవంట."

"ఆవులు పెద్దవి, గంటలు పెద్దవి, గొట్టాలు పెద్దవి. పాట మాత్రం రవంత. లొలొలొ అనేసరికి అయిపోయె."

"అట్లా పాడేదే కష్టమంట. గొంతు ఒక్కసారిగా పైకి పోవాల, మళ్లా కిందికి రావాల."

"తేలు కుడితే ఎవురి గొంతయినా పోతాది. అయ్యో, ఇప్పుడొచ్చినోళ్లను సూడు. ముసలి దొర కూడా పిలకాయల మాదిరి సగం నిక్కరు తొడుక్కోని వచ్చినాడు. అది గుడ్డ కాదు పాపా. తోలు!"

"అవును, తోలే. మేక తోలంట."

"మనం తోలు ముట్టుకుంటామని మనల్ని ఊరి బయట పెట్టినారు. వీళ్లు మొలకే కట్టుకోని దొరలయినారు."

"నాయనా, మెల్లింగా."

"ఏంది, తొడలు కొట్టుకుంటాండారు? దోమలా?"

"అదే వాళ్ల డాన్సు."

"ఒగడు పిర్ర కూడా కొట్టుకున్నాడు. సూస్తివా?"

"చూళ్లేదు."

"సూస్తివి. నీ మూతి నవ్వతాండాది."

"నీ పాదాలు పట్టుకుంటా నాయనా, ఈ ఒక్క పూట నోరు మూసుకో. వార్డుకు సిస్టరుగా, అంటే పెద్ద నర్సుగా, ఎవరిని పెట్టేదీ పెద్ద మిస్సమ్మ ఈ వారంలో చెప్తాది. నన్నో, విక్టోరియానో. విక్టోరియా వాళ్ల నాయన చూడు, కోటేసుకోని ముందు బెంచీలో కూర్చుని ఎట్లా చప్పట్లు కొడతాండాడో."

"వానికి వచ్చే వాయిద్యం అదొకటే."

"నువ్వు కొట్టాల్సిన పని లేదు. ఊరికే కూర్చో, చాలు."

"కూర్చున్నా. ఇంగ మాట్లాడను."

"మంచిది."

"మాట్లాడను గానీ, ఈడు మొకానికి పెట్టుకున్నదేంది? కొమ్ములు, కోరలు. వీపుకు గంటలు. మన గంగమ్మ జాతరలో వేసమేసినోని మాదిరి ఉండాడే."

"అది మాస్కు. చలికాలం పోయేదానికి..."

"పోయేదానికి?"

"ఏం లేదు. వాళ్ల ఊళ్లలో పాత అలవాటంట."

"సత్యానందం ఏదో సెప్పె. గంటల సద్దులో నాకు సరిగ్గా వినపళ్లా."

"నాకూ వినపళ్లేదు."

"నీకు వినపడింది. సెప్పు పాపా."

"చలికాలం దయ్యాల్ని తరిమేదానికంట. గంటలు కట్టుకోని, ఇంటింటి ముందరా ఎగురుతారంట."

"దయ్యాల్ని."

"మెల్లింగా అంటాండా గదా!"

"దయ్యాల్ని తరిమేదానికి! మిషను తోటలో, గుడి గోడ పక్కన, పాస్టరయ్య పండ్లన్నీ బయటపెట్టుకోని సూస్తా ఉండంగా!"

"అది నిజంగా కాదు. ఆటకు చేస్తాండారు."

"మాది ఏమి? మా అన్న మునెప్ప సచ్చినప్పుడు నేను తప్పెట కొట్టింది ఏమి?"

"ఆ మాట ఇప్పుడొద్దు."

"వాడు బాప్తిస్మం తీసుకోలే, నేను తీసుకున్నా. అంతే గదా తేడా. ఒక తల్లి పాలు తాగినోళ్లం. పోయేముందర నా చెయ్యి పట్టుకోని, 'ఒరే, నువ్వే కొట్టాల, ఇంగెవుర్నీ కొట్టనీయద్దు' అన్నాడు. కొట్టినా. గుంత దాకా కొట్టినా. ఏ దయ్యాన్నీ పిలవలే. మా అన్నను సాగనంపినా."

"నాకు తెలుసు నాయనా."

"ఆ ఆదివారం గుడిలో అప్పటి పెద్దదొర నన్ను లేపి నిలబెట్టినాడు. అందరి ముందరా. దయ్యాల వాయిద్యం ముట్టుకున్నోడు ప్రభువు బల్లకు, రొట్టెకూ రసానికీ రాకూడదని వెలేసినాడు."

"నేనూ ఆడనే ఉండాను గదా. బెంచీ కింద తల పెట్టుకోని ఏడ్చినా."

"తప్పెట తెప్పించి, గుడి ముందరేసి, కిరసనాయిలు పోసి అంటించినాడు. మా తాత సేసిన తప్పెట. ఈ పొద్దు దొరలు గంటలు కట్టుకోని దయ్యాల్ని తరిమితే అది కళ అంట! సత్యానందం నోరారా సెప్తాండాడు, కళ అని."

"ఆ పెద్దదొర పోయి ఎన్నో ఏండ్లయింది. తర్వాత నిన్ను చేర్చుకున్నారు గదా."

"చేర్చుకున్నారు. ఎప్పుడు చేర్చుకున్నారు?"

"అదో, జెండా పైకి ఎగరేసి పట్టుకుంటాండాడు, చూడు."

"ఎప్పుడు చేర్చుకున్నారు పాపా?"

"జెండా చూడు నాయనా. కిందపడకుండా ఎట్లా పట్టుకున్నాడో."

"సూస్తాండా. దొంగలకు దొరికిన దుప్పటి మాదిరి ఉండాది. నేను పోతాండా. ఇప్పుడు లేస్తే చీకటి పడేలోగా అంగళ్లు ఊరు దాటతా."

"కూర్చో! నడిమిలో లేచిపోతే ఏమనుకుంటారు? అయ్యో, మిస్సమ్మ మన దిక్కే వస్తాండాది. నువ్వేం మాట్లాడొద్దు. నేను మాట్లాడతా."

"రూతూ, వీరేనా మీ తండ్రిగారు? వందనాలు, బర్నబాసు గారూ."

"వందనాలమ్మా."

"మా అతిథుల ఆట మీకు ఇష్టమైనదా?"

"మా నాయనకు చాలా నచ్చిందమ్మా. ఇప్పుడు అదే చెప్తాండాడు."

"అవునమ్మా. పాపం, శానా కష్టపడి ఎగరతాండారు."

"సంతోషము. మా అతిథులు ఒక కోరిక కోరుచున్నారు. ఈ ప్రాంతపు పల్లె వాద్యము ఒకటి వినవలెనట. మీరు తప్పెట బాగుగా వాయింతురని మన వాచ్‌మన్ గంగాధరం చెప్పెను."

"ఎప్పుడో మానేసినాడమ్మా. మా నాయనకు చేతులు నొప్పి..."

"సేతులు బాగుండాయి పాపా. తప్పెట దయ్యాలదని మీ పెద్దదొరగారు సెప్పినారమ్మా. నేను గుడిలో నేర్సుకున్న మొదటి పాఠం అదే."

"ఆ దినములు వేరు, బర్నబాసు గారూ. మేము ఇప్పుడు అట్లు తలంచుట లేదు. ప్రతి జనమునకు దాని సంగీతమును దేవుడే ఇచ్చెను."

"ఎప్పటి నుంచమ్మా?"

"ఏమి?"

"దేవుడిచ్చింది ఎప్పటి నుంచి?"

"నాయనా!"

"ఊరికే అడిగినా."

"ఉండుము రూతూ, అడుగనిమ్ము. నేను ఈ దేశమునకు వచ్చునప్పటికి మీ పల్లెలో తప్పెట లేదు, బర్నబాసు గారూ. ఎందుకు లేదని నేను ఎవరినీ అడుగలేదు. మీకు ఇష్టము లేకపోయిన యెడల వద్దని చెప్పుదును. బలవంతము లేదు."

"తప్పెట యాడుండాది?"

"గంగాధరం తెచ్చి గోడ యొద్ద ఉంచెను."

"నాయనా, ఒద్దు."

"కొడతానమ్మా. గడ్డి మంట కావాల. తోలుకు సెగ తగలకుంటే పలకదు."

"తోటలో మంటయా? సరే, గంగాధరంతో వేయింతును. ఏమి వాయింతురు? సత్యానందం గారు అందరికీ చెప్పవలెను గదా."

"పేరెందుకులేమ్మా. ఎగిరేవాళ్లు ఎగరచ్చు. కాలు ఆగకుండా కొడతా."

"చాలా మంచిది. నేను పోయి వారితో చెప్పెదను."

"ఏం పని చేస్తివి నాయనా!"

"ఏం సేసినా? అడిగిరి, సరే అంటిని. పద, మంట కాడికి పోదాం."

"ఆమె నిన్ను ఎగతాళి చేసేదానికి పిలవలేదు. మంచి మనసుతో పిలిచింది."

"తెలుసు. ఎగతాళికి పిలిసుంటే ఉమ్మేసి పోయుందును. నువ్వు తప్పెటను రవంత ఇట్లా వంచి పట్టుకో. మంటకు మరీ దగ్గరగా పెట్టద్దు."

"తోలు వాసన వస్తాండాది."

"రానీ. కాలే వాసన కాదు, కాగే వాసన. ఆ రెండూ వేరే. ఈ దరి ఇంగా మెత్తగా ఉండాది, తిప్పు."

"నీ చెయ్యి దెబ్బలు మరిచిపోయుంటాది."

"శానా ఏండ్లయింది గదా. ఇటియ్యి. మెడకు తగిలించు. ఆ... ఇప్పుడు పలుకుతాది. విను."

"అందరూ మన దిక్కు తిరిగినారు."

"తిరగనీ. పక్కనే నిలబడు పాపా, యాడికీ పోవద్దు."

"నిలబడతా. అబ్బా, గుండెల్లో కొట్టినట్టుండాది! చూడు, మాస్కు తీసేసి ఆ గంటల దొర లేచినాడు."

"తోలు నిక్కర్లన్నీ లేసినాయా?"

"అన్నీ లేచినాయి. గుండ్రంగా తిరగతా తొడలు కొట్టుకుంటాండారు. దొరసాన్లు గౌన్లు పట్టుకోని ఎగరతాండారు. విక్టోరియా వాళ్ల నాయన కూడా లేచినాడు, కోటుతోనే!"

"మిస్సమ్మ?"

"కాలాడిస్తాండాది. నాయనా, నాకు ఆ పోస్టు వచ్చేటట్టుండాది!"

"వస్తాది. వస్తాది."

"ఇంత బాగా కొడతావని నాకు గుర్తే లేదు. ఇది జాతరలో కొట్టేదా?"

"కాదు."

"పెండ్లిదా?"

"కాదు."

"నాయనా, గోడ అవతల నిలబడి చూసే మనోళ్లు తలగుడ్డలు తీసేస్తాండారు, ఎందుకు?"

"తీస్తారు."

"ఆడోళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటాండారు. నాయనా! ఇది సావు దెబ్బ. గుంతకు తీసకపోయేటప్పుడు కొట్టేది."

"అవును."

"నిలుపు. ఎవరికన్నా తెలిస్తే నన్ను... వాళ్లు దీనికి నవ్వతా ఎగరతాండారు నాయనా, నిలుపు!"

"నిలపను. ఎప్పుడు చేర్చుకున్నారని అడిగితే జెండా సూపిస్తివి గదా. మీయమ్మ పోయినాక చేర్చుకున్నారు. ఆమె పోయిన పొద్దు నేను వెలివేతలో ఉండా. వెలివేసినోని పెండ్లామని వాళ్లు గుడి గంట కొట్టలే. నేను తప్పెట కొట్టకూడదు. పాటా లేదు, గంటా లేదు, దెబ్బా లేదు. దొంగసొత్తు మాదిరి మోసకపోయి పెట్టి వస్తిమి."

"నాకు గుర్తుండాది నాయనా. అందరి చెప్పుల సద్దే వినపడె."

"నీ పోస్టు పోతాదంటే సెప్పు, ఇప్పుడే నిలిపేస్తా."

"మిస్సమ్మ మళ్లా మన దిక్కే వస్తాండాది నాయనా."

"సెప్పు పాపా."

"కొట్టు."

"రూతూ, రూతూ! ఎంత ఉల్లాసకరమైన తాళము! మా అతిథులు దీని పేరు అడుగుచున్నారు. ఏమని చెప్పవలెను?"

"సావు దెబ్బమ్మా. మా అమ్మను గుంతకు తీసకపోతాండాము. ఎగిరేది ఆపి, పక్కకు నిలబడి దారి ఇయ్యమని చెప్పండి."