లుబోవా గొంతు

కంపాలాలో బ్వైసె పేట. వాన పడుతున్న మధ్యాహ్నం. నబుకెన్యా ఇంట్లో ఆమె, ఆమె ఆడపడుచు నసూనా చాప మీద కూర్చుని కూర అరటికాయలు చెక్కుతున్నారు. ఎదురుగా టీవీలో చైనా కొట్లాటల సినిమా. దాని మీద లుగాండాలో సొంత మాటలు కల్పించి చెబుతున్న గొంతు నబుకెన్యా భర్త లుబోవాది. అతను పోయి ఏడాది దాటింది. కవలల్ని కన్నది కాబట్టి నబుకెన్యాని ఊళ్ళో నాలోంగో అంటారు.

“అది కాదు, శనివారం వస్తున్నావా లేదా, ఆ ఒక్క మాట చెప్పు.”

“ఈ సీను అవనివ్వండి వదినా.”

“సీనుదేముంది, ఎన్నిసార్లు చూసుంటావు దీన్ని.”

“చాలాసార్లు చూశాను. చెడ్డ సినిమా.”

“చెడ్డదా? ఇది చెడ్డదైతే ఇంక మంచిదేది? ఆ బక్కోడు ఒంటిచేత్తో అంతమందిని మట్టికరిపిస్తుంటే, చొక్కా కూడా నలక్కుండా...”

“కొట్టడం సరేలెండి. ఇప్పుడు ఇంటికొస్తాడు చూడండి. పెళ్ళాం తలుపు తీస్తుంది. వినండి.”

— వచ్చావా మొగుడా? ఊళ్ళోవాళ్ళందర్నీ తన్నొచ్చావు సరే, సబ్బుబిళ్ళ తెచ్చావా? చూడండి బాబూ చూడండి, ఈవిడ చైనా ఆవిడ అనుకుంటున్నారేమో. కాదు, మా ఇంటి నాలోంగో. కత్తికి వంగని వీరుడు ఈ గరిటెకు ఎలా వంగుతాడో చూడండి.

“నవ్వొస్తోందే. ఏం చెయ్యను, వాడలా అంటే నవ్వు ఆగదు నాకు. మట్టిలో పెట్టొచ్చాం, అయినా నవ్విస్తున్నాడు. ఆపెయ్ నబుకెన్యా. నా వల్ల కాదు.”

“బాగుందన్నారుగా.”

“బాగుంది. అందుకే ఆపమంటున్నా. మొన్న మసాకా బస్సులో వీడి సినిమా పెట్టారు. నా తల మీదే టీవీ. నెత్తిన కూర్చుని నవ్వుతున్నట్టుంది. దారి మధ్యలో దిగిపోయాను, బురదలో.”

“మీరు దిగిపోయారు. నేనెక్కడ దిగను? టమాటాలమ్మే చోట ఇదే గొంతు. ఫోన్లు బాగుచేసేవాడి దగ్గర ఇదే గొంతు. చర్చి వెనకాల వీడియో సినిమాలు వేసే కొట్టు ఒకటి పెట్టారు, ఇప్పుడు ప్రార్థనలో కూడా ఇదే.”

“అందుకేగా శనివారం. చావును సాగనంపకుండా ఇంట్లో పెట్టుకుంటే ఇలాగే వెంటపడుతుంది. పందిళ్ళు వేశారు. డప్పులవాళ్ళకి చెప్పాం. అరటి బీరు పులుస్తోంది. కటెండేని చెట్టుబెరడు గుడ్డ మీద కూర్చోబెట్టి, చేతికి బల్లెమిచ్చి, ఇదిగో ఇవాళ్టి నుంచి వీడే లుబోవా అని పెద్దలు అన్నారనుకో, పోయినవాడు పోతాడు. నీకూ ఊపిరాడుతుంది.”

“కటెండేనే ఎందుకు?”

“ఇంకెవరున్నారు? నీకు మగపిల్లాడు లేడాయె. లుబోవాకి తోడబుట్టిన తమ్ముడు వాడొక్కడే.”

“మీ పెదనాన్నగారి కొడుకులు ఉన్నారుగా.”

“ఉన్నారు. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే తాగుతారు. వాళ్ళకిస్తామా బల్లెం, ఎవర్నో పొడవడానికి? కటెండేలో ఏం లోపం కనిపించింది నీకు? కవలల్ని బడికి తీసుకెళ్ళేది ఎవరు? ఇల్లు కారితే పైకెక్కింది ఎవరు?”

“లోపం ఉందని నేనన్లేదు.”

“శనివారం నుంచి పిల్లలు వాణ్ని నాన్నా అంటారు. నువ్వు వాడి ఇంటిదానివి, పేరుకేలే. ఈ రోజుల్లో ఎవరూ బలవంతపెట్టరు. ఆ భయం ఏమైనా ఉంటే...”

“ఆ భయం లేదు.”

“మరి?”

“కాయ చెక్కండి వదినా, నల్లబడుతోంది.”

“నా కాయ సంగతి నాకు తెలుసు. బయట ఏమనుకుంటున్నారో అది తెలుసా నీకు? నాలోంగో మొగుణ్ణి డబ్బాలో కట్టేసుకుందట. టీవీతో మాట్లాడుతుందట. మాట్లాడతావా?”

“అప్పుడప్పుడు.”

“అప్పుడప్పుడా. ఏం మాట్లాడతావు?”

“ఏముంటుంది. అవునంటాను. కాదంటాను.”

“పిల్లల ముందే?”

“వాళ్ళే మొదలుపెట్టారు. నిన్న బాబిర్యె టీవీ ముందు టీ కప్పు పెట్టింది, నాన్నకి అని. నకాటో తీసి తాగేసింది. ఇంక చూడండి కొట్లాట, నాన్న టీ తాగేశావని ఇది, నాన్న చల్లారిపోనిచ్చాడుగా అని అది.”

“ప్రభువా. నవ్వుతూ చెబుతావేంటే.”

“ఏడవమంటారా?”

“ఇది తీసేసి ఇంకోటి పెట్టు. ఆ ఇండియాది పెట్టు, అత్తగారిది. ఏడిస్తే అందరూ కలిసి ఏడుస్తారు, ఎంత బాగుంటుందో.”

“అది ఇంకా చెడ్డది.”

“ఇండియాదా? నేను పాటల్లో కూడా ఏడ్చాను అది చూసి. మా ఆయన తువ్వాలు తెచ్చిచ్చాడు.”

“అత్త శవం దగ్గర కోడలు నిలబడి ఒక మాటంటుంది. గుర్తుందా?”

“గుర్తులేదు.”

“గుర్తుంది మీకు.”

“పాత సంగతులు ఇప్పుడెందుకు.”

“ముసలిది పోతే ఏడుపే రాలేదు, ఉల్లిపాయ వెతుక్కోవాల్సొచ్చింది అంటుంది. ఇండియా ఆవిడ ఆ మాట అనలేదు వదినా. నేనన్నాను. దీపం ఆర్పాక, పక్క మీద, నా మొగుడితో చెప్పుకున్నాను. కొన్నాళ్ళకి కంపాలా అంతా విని పొట్ట పట్టుకుని నవ్వింది.”

“నేనూ విన్నాను. ఆ ముసలిది మా అమ్మ.”

“తెలుసు. ఈస్టరు దాకా మీరు నాతో మాట్లాడలేదు.”

“మాట్లాడలేదు. మాట్లాడాలనిపించలేదు. వాడు సొంతంగా కల్పించాడని ఒక్క మాట చెబితే పోయేదిగా, నమ్మేదాన్నిగా.”

“ఎలా చెబుతాను? అన్నది నేనేగా.”

“నువ్వూ ఉన్నావు చూడు. అబద్ధం కూడా చేతకాదు. అరటాకులు ఇటివ్వు, ఉడకెయ్యడానికి కాయలు మూట కడతాను.”

“కవలల్ని కన్న తల్లిని నాలోంగో అంటే అది గౌరవం. మీ అమ్మగారిని పిలిచినట్టు తలొంచి పిలవాలి. నన్ను పిలిచేముందు నవ్వుతారు. ఏ సినిమాలో గయ్యాళి పెళ్ళాం వచ్చినా దాని పేరు నాలోంగోనే. దాని నోట్లో నా మాటలే. అందుకే ప్రతి సినిమా ఇంటికి తెచ్చుకుని చూసేదాన్ని. వీధిలోకి వెళ్ళేలోపు, ఈసారి నేనేమన్నానో తెలుసుకుందామని.”

“జనాన్ని నవ్వించడం వాడి పని. ఇంట్లో మాత్రం నిన్ను...”

“ఇంట్లో మాట్లాడేవాడు కాదు. గొంతు అరిగిపోతుందని.”

“అలా అనకు, పోయినవాణ్ణి.”

“నేనేం అన్నాను? ఆయన అన్న మాటే అన్నాను.”

“సరే సరే. అదేంటి?”

“కరెంటు పోయింది.”

“హమ్మయ్య. కాసేపు ప్రశాంతంగా ఉంటుంది.”

— లోపలికెళ్ళు నాలోంగో. తడుస్తున్నావు.

“నబుకెన్యా. నబుకెన్యా, టీవీ ఆగింది. ఆగిందిగా, బొమ్మ లేదుగా అందులో. వాడు ఎక్కణ్ణుంచి...”

“ఎదురుగా మంగలి కొట్లోంచి వదినా. వాళ్ళకి సోలారుంది. అలా పట్టుకోకండి, చేతిలో కత్తుంది.”

“ప్రాణం పోయింది నాకు. ఆ కిటికీ ముయ్యి.”

“ఉండనివ్వండి. ఇది మంచి సినిమా.”

“ఏదిది? ఆ గొర్రెల ముసలాడిదా? అందులో ఏముంది నా తలకాయ. ఒక దెబ్బ లేదు, ఒక పాట లేదు. కూతురు వాకిట్లో నిలబడుతుంది, నిలబడుతుంది, నిలబడుతూనే ఉంటుంది. మా ఆయన సగంలో గుర్రుపెట్టాడు.”

“వినండి.”

— ఈమె ఎప్పుడూ నవ్వదేంటని మీరనుకుంటున్నారు. నవ్వుతుంది. మీరు చూడనప్పుడు నవ్వుతుంది. నాలోంగో, అతను వస్తే వస్తాడు. రాకపోతే నీ తప్పు కాదు. ఆ కుండ దించు. బరువు.

“ఇందులోనూ నాలోంగోనే. ఏడుస్తున్నావా?”

“లేదు. ఇది ఇంట్లో మొదటిసారి పెట్టినప్పుడు నా చేతిలో బీన్సు కుండ ఉంది వదినా. పట్టుకునే నిలబడి చూస్తున్నాను. కుండ దించు అనగానే దించేశాను. అప్పుడు తెలిసింది చేతులు ఎంత లాగుతున్నాయో.”

“నువ్వు మంచివనేవి ఏంటో చెప్పు. ఇది ఒకటి. ఇంకా?”

“ఆ పోలీసావిడది.”

“అందులో ఆమెకి ముక్కు చీదడం తప్ప పనే లేదు. ఇంకా?”

“రైల్లో తప్పిపోయిన పిల్లది. ఆ ఏనుగుది.”

“అన్నీ ముందటేటి వానల తర్వాత వచ్చినవే.”

“అవును.”

“అంతకుముందువి ఒక్కటీ మంచివి కావు.”

“కావు.”

“కత్తి కింద పెట్టు నబుకెన్యా.”

“ఇంకా రెండు కాయలున్నాయి.”

“కింద పెట్టు. నేను వచ్చింది శనివారం గురించి ఒక్కటే కాదు. ఒకటి చెప్పాలి. చెప్పకుండా బెరడు గుడ్డ పరిస్తే పాపం నాకు తగులుతుంది. ఇటు చూడు. ఆ గొంతు లుబోవాది కాదు.”

“వాన ఎక్కువైంది. గిన్నె పెట్టాలి, ఆ మూల కారుతుంది.”

“కారనీ. విను. గొంతులో గడ్డ లేచాక వాడికి మాట లేదు. రికార్డింగు కోసం గొంతు దాచుకుంటున్నానని నీకు సైగ చేశాడు, అవునా? దాచుకోవడానికి ఏమీ మిగల్లేదే తల్లీ. లుబోవా గొంతు కాదని తెలిస్తే ఎవరూ చూడరు. కటెండే చిన్నప్పటినుంచీ అన్న గొంతు పెట్టేవాడు, మా అమ్మే బోల్తాపడేది. అందుకని వాణ్ని కూర్చోబెట్టాడు. ఈ గొర్రెలదీ, పోలీసుదీ, రైలుదీ, అన్నీ కటెండే చెప్పినవి. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించారు ఇద్దరూ. మొగుడనుకుని నువ్వు మాట్లాడుతున్నది...”

— తలుపు తీసే ఉంచాను. నీ ఇష్టం వచ్చినప్పుడే రా.

“ఆ మంగలాణ్ణి కాస్త తగ్గించమని చెప్పి వస్తానుండు.”

“వద్దు.”

“గొంతు కటెండేదైనా మాటలు లుబోవావే. అది గుర్తుపెట్టుకో. పక్కన కూర్చుని ఒక్కో మాటా చెప్పించి ఉంటాడు, రాసిచ్చో, సైగ చేసో. ఇన్నాళ్ళు నిన్ను నవ్వులపాలు చేశాడు కదా, నోరు పోయాక బుద్ధొచ్చింది. క్షమించమని ఎదురుగా అడగలేక ఇలా అడిగాడు. నేనలాగే అనుకుంటున్నాను. నువ్వూ అలాగే అనుకో. ఆ మాటలు నీ మొగుడివే.”

“లుబోవా నిద్రపోతున్నాడు.”

“ఏంటి?”

“ఈ సినిమా చెప్పిన రోజు. నేను గంజి తీసుకుని స్టూడియోకి వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. లుబోవా బెంచీ మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు, గుర్రు వినిపిస్తోంది. కటెండే ఒక్కడే మైకు ముందు కూర్చున్నాడు. బొమ్మలో ఆమెని చూస్తూ, కుండ దించు, బరువు అన్నాడు. ఎవరూ రాసివ్వలేదు వదినా. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని అన్నాడు.”

“నీకు తెలుసన్నమాట.”

“తెలుసు.”

“వాడు బతికుండగానే.”

“బతికుండగానే. ఆయనకి ఆఖరి రోజు దాకా తిండి పెట్టాను, ఒళ్ళు తుడిచాను. అందులో వంక పెట్టకండి.”

“నేనెందుకు పెడతాను, చూశానుగా. నువ్వు విన్నావని కటెండేకి తెలుసా?”

“గంజి గిన్నె గడప మీద పెట్టేసి వచ్చాను. సాయంత్రం కడిగి తనే తెచ్చిచ్చాడు.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఏం లేదు. ఇంకో సినిమా వచ్చింది.”

“ఊరంతా నువ్వు చచ్చినవాడితో మాట్లాడుతున్నావనుకుంటోంది. నేనూ అదే అనుకుని వణుక్కుంటూ వచ్చాను.”

“తెలుసు.”

“మరి ఇంకేంటే పిచ్చిదానా. అయితే ఇంకా మంచిదేగా. శనివారం మేము తెచ్చి నీ ఇంట్లో కూర్చోబెట్టేది వాణ్ణేగా. ఏ గొంతు కోసం ఏడాదిగా ఈ పెట్టె ముందు కూర్చున్నావో వాణ్ణేగా. నువ్వెందుకు వద్దంటున్నావు?”

“ఆ గుడ్డ మీద కూర్చున్నాక అతన్ని ఏమని పిలవాలి?”

“లుబోవా అని. ఎవరైనా అంతేగా. పోయినవాడి పేరే.”

“పిల్లలూ, నేనూ, ఊరూ.”

“అందరూ.”

“ఇంకెవర్నైనా కూర్చోబెట్టండి వదినా. తాగుబోతునైనా సరే, వచ్చి పక్కన నిలబడి నమస్కారం పెడతాను. కటెండేని మాత్రం లుబోవాని చెయ్యకండి.”