నకలుకి నకలు

లిఫ్టు పనిచెయ్యట్లేదని కింద ఒక కాగితం అంటిస్తే మీ బిల్డింగువాళ్ళ సొమ్మేం పోయింది మాస్టారూ? నాలుగంతస్తులు. చేతుల్లో పద్నాలుగు కిలోల టేప్ డెక్కు. మూడో అంతస్తులో ఒకావిడ తలుపు తీసి, ఓవెన్ బాగుచెయ్యడానికి వచ్చారా అని అడిగింది. అవునని ఉంటే కాసిని మంచినీళ్ళైనా ఇచ్చేదేమో.

అబ్బ, తలుపు వెయ్యకండి. కాలు అడ్డం పెట్టాను, చూసుకోండి. నన్ను గుమ్మంలోనే నిలబెడతానంటే మీ ఇష్టం, దీన్ని మాత్రం లోపల దింపనివ్వండి. నడుం పడిపోయేట్టుంది.

ఆ బల్ల మీద పెట్టనా? ఆ పేపరు కాస్త జరపండి. హమ్మయ్య.

అలా చూడకండి. మీ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకుంది నేనే, నాకు గుర్తుంది. పదేళ్ళు నిలబెట్టుకున్నాను కూడా. నా కళ్ళద్దాల షాపులో కూర్చుని వచ్చినవాడికల్లా చెప్పాను, 'ఆ లెక్కల మాస్టారికి పాట ఎన్ని నిమిషాలో తెలుస్తుంది గానీ పాట తెలీదు' అని. మీదాకా వచ్చే ఉంటుంది. వచ్చిందా? ఎవరు మోశారు? సరే, ఇప్పుడదెందుకు.

ఒక్కటి చెప్పండి. నేను మీకిచ్చిన రేవు హోటల్ జాజ్ కచేరీ టేపు. అది ఉందా, పారేశారా?

ఉంది. ఉందన్నారు కదా? ఉండండి, కూర్చుంటాను.

నవ్వండి, ఫర్వాలేదు. నా టేపుకి నకలు, అది ఇమ్మని నేనే వచ్చి మీ ఇంట్లో కూర్చున్నాను. అదైనా మొదటి నకలా? టేపులు పోగేసే మన జాతి సంగతి మీకు చెప్పాలా? గంటకి గంట మార్పిడి అని పైకి పెద్దమనుషుల ఒప్పందం. లోపల బుద్ధులు వేరు. అసలు టేపు బీరువాలో ఉంటుంది. దాని నకలు సొరుగులో ఉంటుంది. ఆ నకలుకి నకలు తీసి, 'మీకోసం ప్రత్యేకంగా తీశాను' అని ఎదుటివాడి చేతిలో పెడతాం. ఇంత బుసబుస ఏమిటని మీరడిగితే, 'ఆ గదే అలాంటిది మాస్టారూ' అన్నాను. గదికేం తెలుసు పాపం.

దానికి బదులు మీరిచ్చింది మాత్రం మొదటి నకలు. ఒక్కసారి వినగానే తెలిసిపోయింది. తెలిసీ కిక్కురుమనలేదు. అంత మంచివాణ్ణి.

ఈ డెక్కు మీకే. మీది తిరగట్లేదని విన్నాను. లంచమే, ఇంకేమనుకున్నారు? పద్నాలుగు కిలోల లంచం.

మా ఆవిడకి ఆపరేషనైంది. తెలీదా మీకు? ఆర్నెల్లైంది. గొంతుకి. మనిషి బాగానే ఉంది, తింటోంది, తిరుగుతోంది, ప్రాణానికి భయం లేదన్నారు. స్వరపేటిక తీసేశారు. మాట రాదు. ఇక రాదు కూడా.

పలక మీద రాస్తుంది. పిల్లలు ఆడుకునేది, పైన రేకు ఎత్తితే చెరిగిపోతుంది చూడండి, అలాంటిది. మాట పోయిందే గానీ పదును ఎక్కడికీ పోలేదు. మొన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే లేపి మరీ చూపించింది. 'మీ గురక బాగా వచ్చింది, ఎవరికైనా మార్పిడికి ఇస్తారా?' అని.

ఆ మనిషి నెల కిందట ఇంకోటి రాసింది. 'నా గొంతు ఒకసారి వినాలనుంది. పాతది.'

ఫోన్లలో ఉండదా అంటారా? గొంతు బొంగురుపోయి ఏడేళ్ళు దాటింది మాస్టారూ. అంతకుముందువాటిల్లో ఫోను తనే పట్టుకునేది. అందరం అందులో ఉంటాం, తను ఉండదు. 'ఇటు చూడండి' అనే ముక్క రెండు మూడు చోట్ల ఉంది, అంతే.

నేను ఎగిరి గంతేశాను. పేద్ద ఫోజు కొట్టాను. ఎవరనుకున్నావు నన్ను, మూడు వేల గంటల రికార్డింగులున్న మనిషిని, నీ గొంతు లేకపోవడమేమిటి అన్నాను. మన పెళ్ళైన నాలుగో నెల్లో రేవు హోటల్‌కి వెళ్ళలేదూ, ఆ రికార్డర్ నీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే కదా పెట్టింది, మైకు నీ శాలువా కింద కదా, నీ గొంతు సాక్సోఫోన్ కంటే దగ్గరగా పడింది అన్నాను. అంటూ అంటూ ఉండగా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

ఎందుకంటే ఆ గొంతుని టేపులోంచి తీసేశాను కదా. రెండేళ్ళు కూర్చుని, సాయంత్రం షాపు కట్టేసి రావడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం, గీకడం. ఎందుకంత ప్రాణం పెట్టానో మీకు చెప్పక్కర్లేదు. ఆ బట్టతల సాక్సోఫోన్ ఆయన జన్మలో ఒక్క రికార్డు చెయ్యలేదు. ఆ వారమే వాయించడం మానేసి తమ్ముడితో టైర్ల వ్యాపారంలో దిగాడు. జాజ్ అంటే ఆ పూట ఎలా తోస్తే అలా వాయించేదాయె, మర్నాడు ఆయనే కూర్చున్నా అలా రాదు. ప్రపంచం మొత్తం మీద ఆయన వాయించింది ఒక్క టేపులో ఉంది, ఆ టేపు నా దగ్గరుంది. ఆ టేపు నిండా మా ఆవిడ ఉంది.

మొత్తం రెండువందల పద్నాలుగు చోట్ల. నోటు పుస్తకంలో ఎక్కించాను, నిమిషం, సెకను వేసి మరీ. శబ్దం ఒకటి, శబ్దం రెండు, శబ్దం మూడు. మీ లెక్కల బుద్ధి నాకూ అంటుకుంది.

ఆ పుస్తకం తనకి దొరికింది మాస్టారూ. మొన్న టేపు కోసం బీరువా అంతా కిందికి లాగితే అదీ పడింది. మొదటి పేజీ చూసింది, చివరి పేజీ చూసింది. పలక తీసుకుని రాసింది, 'ఇందులో శబ్దం అంటే నేనేనా?'

ఏం చెప్పమంటారు? కళ్ళద్దాలు తుడుచుకున్నాను. రోజుకి నలభై మందికి తుడిచిపెడతాను, ఆ పని బాగా వచ్చు.

అసలు టేపా? ఇక్కడే ఉంది నా తెలివంతా. శుభ్రం చేసినదాన్ని దానిమీదే ఎక్కించేశాను. నా నకళ్ళు చెరిపేశాను, కంప్యూటర్లోదీ తీసేశాను. లోకంలో ఒక్కటే ఉండాలి, అది నా దగ్గరే ఉండాలి. మనలాంటి పిచ్చివాళ్ళు తప్ప ఇలా సొంత కొంప తగలబెట్టుకుని ఎవరైనా చలి కాచుకుంటారా? మీ దగ్గరున్నది లెక్కలోకి తీసుకోలేదు. నకలుకి నకలు, బుసబుస, అదొక టేపా అనుకున్నాను.

ఏమిటీ? షూ లేసా?

'సాక్సోఫోన్ ఆయన షూ లేసు ఊడింది, ఎవరైనా చెప్పండి పాపం, పడిపోతాడు.' అలా అందా? ఎక్కడ, మూడో పాటలోనా? నాకు తెలీదు. నిజంగా తెలీదు. ఇంకా ఏమంది? 'ఆ డ్రమ్ములాయన నిద్రపోతున్నట్టున్నాడండీ, చేతులకి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు'... ఇది మా ఆవిడే. ఇది అచ్చం మా ఆవిడే.

మీకు కంఠతా వచ్చా?

నేను వినలేదు మాస్టారూ. నా మొహం, వింటే కదా. కంప్యూటర్లో గీతలుగా కనిపిస్తుంది, గీత ఎంత ఎత్తు లేచింది, ఎంతసేపు లేచింది, అదే చూశాను. ఒక్కో చోట వందసార్లు వేసుకున్నాను. సాక్సోఫోన్ దెబ్బతిందా లేదా అని చెవి అంతా అక్కడే. ఆవిడ ఏమంటోందో నాకెందుకు? రెండువందల పద్నాలుగు చోట్ల మా ఆవిడ నాతో ఏం మాట్లాడిందని ఎవరైనా అడిగితే, ఒక లెక్కల మాస్టారి ఇంటికి వెళ్ళి అడగాలి.

కాసిని మంచినీళ్ళు ఇస్తారా?

...

సరే. మీరు అడగట్లేదు గనక నేనే చెప్తాను. మీరు పెద్దమనిషి, పదేళ్ళుగా ఎక్కడా నోరు జారలేదు. మన ఆదివారం టేపులు వినే కూటంలో అందరూ ఏమనుకుంటున్నారు? శుభ్రం చేసిన టేపు నేను వినిపిస్తుంటే మీరు కుళ్ళుకుని మధ్యలో లేచి వెళ్ళిపోయారనుకుంటున్నారు. ఆ మాట పుట్టించింది నేనే. మీరు ఎందుకు లేచారో నాకు తెలుసు. అంతకు రెండేళ్ళ ముందు, ఆ నకలు మీకిచ్చిన వారానికి మీరు ఫోన్ చేశారు. బాగుంది, లేదు అనలేదు. ఒక్క మాట అడిగారు. 'రెండో సగంలో మీ ఆవిడ ఎక్కడికి వెళ్ళారు?' అని.

నాకు తల కొట్టేసినట్టయింది. లైను బాలేదని పెట్టేశాను.

అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి, రెండో సగం ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి, ఒక్క దగ్గు కూడా లేదు అని. ఎందుకుంటుంది? మొదటి సగం చివర నేను తనని అన్న మాట మీరు విన్నారు కదా. 'నోరు మూసుకుని కూర్చోలేకపోతే బయటికి పో. ఇలాంటిది నా జన్మలో మళ్ళీ దొరకదు.' పెళ్ళైన నాలుగో నెల మాస్టారూ. మైకు నాకూ దగ్గరే కదా. నా మాటా అంతే స్పష్టంగా పడింది.

హ్యాండ్‌బ్యాగ్, మైకుతో సహా శాలువా కుర్చీలో పెట్టి లేచి వెళ్ళింది. రికార్డర్ కదలకుండా ఎంత జాగ్రత్తగా పెట్టిందో, చిన్న గరగర కూడా లేదు. బయట మెట్లమీద కూర్చుంది గంటసేపు. అయిపోయాక నేను ఊగిపోతూ వచ్చి ఎలా ఉందని అడిగాను. అడిగాను, అవును, సిగ్గులేకుండా. 'బాగుంది, ఇక్కడికి కూడా వినిపించింది' అంది. బస్సులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని టేపు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంటూ ఇంటికొచ్చాను. ఆ తర్వాత తను ఎప్పుడూ నాతో వినడానికి రాలేదు. రమ్మని నేనూ అడగలేదు. జాజ్ అంటే తనకి పడదని అందరికీ చెప్పాను.

కాబట్టి ఆ శుభ్రం చెయ్యడం సాక్సోఫోన్ కోసమని మీరు అనుకోకండి. ఆ రోజు ఫోన్ పెట్టేశాక కంప్యూటర్ ముందు కూర్చుని మొట్టమొదట తీసేసింది నా మాటే. శబ్దం ఒకటి అదే, తనవి మిగతా రెండువందల పదమూడు. అక్కడితో ఆపొచ్చు. కానీ అదొక్కటే తీస్తే ఎందుకు తీశానో నాకు తెలుస్తూ ఉంటుంది కదా. అందుకని మిగతావి కూడా తీశాను. నా ఒక్క మాట కప్పడానికి తన మాటలన్నీ తీశాను. ఆర్టిస్టు కోసమని చెప్పుకున్నాను, సంగీత చరిత్ర కోసమని చెప్పుకున్నాను. చప్పట్లు కూడా కొట్టారు ఆ ఆదివారం. మీరు తప్ప.

ఇదేనా? ఇంత చిన్నగా ఉందేమిటి. మీరు అట్టకి పేరు కూడా రాశారే. సాక్సోఫోన్ ఆయన పేరు, కింద... మా ఆవిడ పేరు. వాయించినవాళ్ళ వరసలో.

ఉండండి. కళ్ళద్దాలు.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ పరువు ఏమీ మిగల్లేదు. జేబులో బ్లేడు తెచ్చాను. అతికించే టేపు కూడా, ఇదిగో. మీరు టేపు ఇస్తే మెట్లమీద కూర్చుని ఆ ఒక్క ముక్క కోసేసి అతికించి తీసుకెళ్దామని. ఏడెనిమిది సెకన్లు. తనకి తన గొంతు వినపడుతుంది, నాది వినపడదు. నాలుగంతస్తులు ఎక్కుతూ ఎక్కడ కొయ్యాలో కూడా లెక్క వేసుకున్నాను. డెక్కు మీకు లంచమనుకున్నారా? ఇక్కడ ఒకసారి వేసి, సరిగ్గా ఎక్కడ కొయ్యాలో వినడానికి తెచ్చుకున్నాను.

ఏమీ అనకండి. కొయ్యనులెండి.

తనకి కొత్తేముంది మాస్టారూ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ మాట తనలోనే ఉంది. మాట ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఎత్తలేదు. వినిపిస్తాను. పక్కన కూర్చుని వింటాను. పలక మీద ఏం రాస్తుందో రాయనీ, ఏమీ రాయకపోతే అదీ చూస్తాను.

ఇదిగో, ఈ బ్లేడు మీ దగ్గరుంచండి. అవును, అతికించే టేపు కూడా. నన్ను నేనెరగనా? ఇంటికి నాలుగు స్టాపులున్నాయి, దార్లో ఎక్కడో దిగి కోసేస్తాను.