ముప్పై డాలర్ల మీటర్

ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో బొగ్గురైలు నడిపే అతనికి కొత్త స్పీకర్ల ముందు కాలు నిలవడం లేదు. భార్య శబ్దాన్ని కొలిచే మీటర్ పట్టుకుని అతని కుర్చీ పక్కన నిలబడింది.

“ఎడమ స్పీకర్ శబ్దం తగ్గిపోయింది. ఎంత చూపిస్తోంది?”

“డెబ్బై ఐదు డెసిబెల్స్. కుడిదీ డెబ్బై ఐదే.”

“ముప్పై డాలర్ల మీటర్ ఇంకేం చెబుతుంది! నూట యాభైది కొనాల్సింది. పద, షాపు మూసేలోగా మార్చేద్దాం.”

“వైర్లు మార్చావు, ఆంప్లిఫయర్ మార్చావు. రేపు నన్నూ మార్చేస్తావు.”

“నిన్ను వెనక్కి తీసుకునే షాపు లేదుగా.”

“గురువారం చెవుల పరీక్ష ఉంది, గుర్తుందా? తప్పితే రైలు ఎక్కనివ్వరు.”

“పదిహేడేళ్లుగా నెగ్గుతూనే ఉన్నా. దానికీ దీనికీ ఏంటి సంబంధం?”

“ఒక్కసారి కుర్చీ వెనక్కి తిప్పి కూర్చో.”

“స్పీకర్లకి వీపు పెట్టి వినేవాణ్ణి ఎక్కడైనా చూశావా?”

“నా కోసం.”

అతను గొణుక్కుంటూ వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఎడమ స్పీకర్ ఇప్పుడు అతని కుడిచెవి వైపుకొచ్చింది.

“ఇప్పుడు ఎటువైపు తగ్గింది?”

“ఎడమవైపే! చెప్పానా, ఆ స్పీకర్…”

అతను ఆగిపోయాడు. మెల్లగా తల తిప్పి, తన ఎడమవైపుకొచ్చిన కుడి స్పీకర్‌ని చూశాడు. చెయ్యి దానంతటదే ఎడమచెవి మీదికి వెళ్లింది.

“షాపు ఐదింటికి మూసేస్తారు,” అంది ఆమె. “మీటర్ మార్చుకొద్దామా?”

“వద్దు. అది బాగానే పనిచేస్తోంది.”