అత్తగారి ఈసీజీ

వంటింటి బల్లకి ఒక చివర ఉల్లిపాయలు తరుగుతున్న అత్తగారు, రెండో చివర లాప్‌టాప్ తెరిచి పెట్టుకున్న కోడలు. కోడలు ఆసుపత్రిలో గుండె లయ తప్పే జబ్బుల మీద పరిశోధన చేస్తోంది. ముందు గదిలోని కొట్టులో దర్జీ మామగారి కుట్టు మిషను టకటకలాడుతోంది.

“ఆ కత్తి పక్కన పెట్టండి అత్తయ్యా. ఒక్క నిమిషం.”

“ఒక్క నిమిషంలో పెనం మాడిపోతుంది. చెప్పు, వింటూనే ఉన్నాను.”

“వింటే చాలదు, చూడాలి.”

“నీ గీతలు నాకేం తెలుస్తాయే? అన్నీ కోడి కెలికినట్టే ఉంటాయి.”

“ఇవి నా గీతలు కావు, మీవి. మొన్న మీ ఛాతీకి ఈసీజీ పెట్టె కట్టానా? ఒక రోజంతా మీ గుండె ఏం చేసిందో మొత్తం ఇందులో పడింది.”

“ఏం చేస్తుంది? కొట్టుకుంటుంది.”

“కొట్టుకుంటే బాగానే ఉండేది.”

“కొట్టుకోవట్లేదా ఏం?”

“కొట్టుకుంటోంది, కానీ దాని ఇష్టమొచ్చినట్టు. మా ప్రొఫెసర్ దగ్గర నేనెంత గొప్పలు పోయానో తెలుసా? ‘అరవై దాటినా గుండె గడియారంలా కొట్టుకునే ఆడవాళ్ళు కావాలి’ అన్నారాయన. ‘మా అత్తయ్య ఉన్నారు సార్’ అని అందరికంటే ముందు చెయ్యెత్తాను.”

“నన్నడక్కుండా ఎత్తితే ఇలాగే ఉంటుంది.”

“ఇది చూడండి. సాయంత్రం ఇక్కడ పరుగో పరుగు. అప్పుడు ఏం చేస్తున్నారు?”

“ఏం చేస్తాను... మెట్లెక్కానేమో.”

“మనింట్లో మెట్లెక్కడున్నాయి?”

“పక్కింట్లో ఉన్నాయిగా.”

“పక్కింటావిడతో మీకు మాటల్లేవు!”

“మాటల్లేకపోతే మెట్లెక్కకూడదా?”

“అత్తయ్యా, ఆ సాయంత్రం మీరు నా పక్కనే సోఫాలో కూర్చుని సీరియల్ చూశారు.”

“అదే మరి! అది చూస్తే ఎవరి గుండె పరుగెత్తదు? ఆ పిల్లని కట్టుబట్టలతో ఇంట్లోంచి గెంటేశారు.”

“మీరు గురక పెట్టారు.”

“కలలో గెంటేశారు.”

“సరే, పరుగు సంగతి వదిలేద్దాం. దాని తర్వాత చూడండి. ఈ నిటారు గీత ఉందే, గుండె ఒకసారి కొట్టుకుందని లెక్క. గీత, గీత, గీత... ఆ తర్వాత?”

“ఖాళీ.”

“ఆ ఖాళీ గురించే చెప్తున్నాను.”

“కాగితం అయిపోయిందేమో.”

“కంప్యూటర్లో కాగితం అయిపోదండీ. గుండె ఆగింది.”

“ఎంతసేపు?”

“మీరు భయపడకండి...”

“భయపడట్లేదు. ఎంతసేపని అడుగుతున్నాను.”

“గట్టిగా ఊపిరి పీల్చి వదిలేంత సేపు. మళ్ళీ దానంతటదే మొదలైంది, ఇదిగో. ఇలాంటివి చాలా ఉన్నాయి. ముందు ఒళ్ళు తెలియకుండా పరుగెత్తుతుంది, ఆయాసపడి ఆగుతుంది.”

“ఆగినప్పుడు మనిషికేమవుతుంది?”

“కళ్ళు బైర్లు కమ్ముతాయి. నిలబడి ఉంటే పడిపోతారు.”

“గోడ పట్టుకుంటే?”

“గోడ పట్టుకున్నారా? ఎప్పుడు? నాకు చెప్పనేలేదు!”

“ఊరికే అడిగానమ్మా. గోడ ఉంది కదా అని అడిగాను.”

“నన్ను ఏడిపించకండి అత్తయ్యా. మీకెలా చెప్పాలా అని పొద్దుట్నుంచి తిరుగుతున్నాను. ఉల్లిపాయలు తరిగేటప్పుడైతే కళ్ళనీళ్ళొచ్చినా తెలియవని ఇప్పుడొచ్చాను.”

“నీ కళ్ళనీళ్ళా, నావా?”

“ఇద్దరివీ.”

“పిచ్చి మొహమా. ఇలా రా, చెంగుతో తుడుచుకో. ఇప్పుడు చెప్పు, దీనికి మందుందా?”

“ఒట్టి మాత్రలతో పోదు. పేస్‌మేకర్ అని చిన్న పరికరం పెడతారు. ఇక్కడ, భుజం కింద, చర్మం లోపల. గుండె బద్ధకించినప్పుడల్లా అది తట్టి లేపుతుంది.”

“నాలాగన్నమాట. ఈ ఇంట్లో అందర్నీ తట్టి లేపేది నేనేగా.”

“మీకంటే నయం. అది కేకలెయ్యదు.”

“ఎంతుంటుంది?”

“అగ్గిపెట్టె కన్నా చిన్నది.”

“పెద్ద కోతా?”

“కాదు. మత్తు కూడా అక్కడి వరకే ఇస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికొచ్చేయొచ్చు.”

“వచ్చాక కుట్టు మిషను తొక్కొచ్చా?”

“తొక్కొచ్చు. కొన్నాళ్ళు ఆ వైపు చెయ్యి పైకెత్తకూడదంతే. అయినా మీరెందుకు తొక్కుతారు? సూదిలో దారం ఎక్కించాలన్నా మామయ్యని కేకేస్తారు.”

“నేర్చుకుందామని.”

“ఇప్పుడా?”

“నేర్చుకోడానికి వయసేమిటే? నువ్వు ఇంకా చదువుతూనే ఉన్నావుగా. సరే గానీ, గడ్డం గీసుకోవచ్చా?”

“నిక్షేపంగా గీసుకో... ఏమన్నారు?”

“ఏమన్నాను?”

“గడ్డం అన్నారు.”

“గడప అన్నాను. గడప కడగొచ్చా అని.”

“అత్తయ్యా.”

“పెనం మాడుతోంది.”

“పొయ్యి ఇంకా వెలిగించనే లేదు మీరు. ఇలా నా మొహం చూసి మాట్లాడండి.”

“చూస్తున్నాగా.”

“పెట్టె విప్పి ఇచ్చారు చూడండి, ఛాతీకి అతికించిన ఆ స్టిక్కర్లకి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. మీ తల వెంట్రుకలేమో అనుకున్నాను.”

“నావే. ఈ మధ్య జుట్టు తెగ ఊడుతోంది.”

“వేలెడు కూడా లేవు. తెల్లగా, ఉంగరాలు తిరిగి ఉన్నాయి. మీ జడ ఉంగరాలు ఎప్పుడు తిరిగింది?”

“ఉక్కపోతకి...”

“ఇంకొకటి. పొద్దున్న భాగమంతా గీత కింద సన్నటి వణుకు ఉంది, ఒకే తీరులో. కరెంటు గోల అనుకుని తుడిచేశాను. అది కరెంటు కాదు. వినండి, ముందు గదిలో ఇప్పుడు వినిపిస్తోందే, అదీ. కాలితో మిషను తొక్కుతుంటే పడిన వణుకు.”

“నేను చెప్పలేదు.”

“ఇది మామయ్య గుండె.”

“నేను చెప్పలేదమ్మా, నువ్వే చెప్పావు. రేపు ఎవరైనా అడిగితే ఆ మాటే చెప్పు, మా అత్తయ్య నోరు విప్పలేదని.”

“ఇదేం చోద్యం అత్తయ్యా!”

“గట్టిగా అరవకు, వినిపిస్తుంది. నా చెయ్యి పట్టుకుని ఆయన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నారు. అబ్బాయికి తెలిస్తే కొట్టు మూయిస్తాడట. నీకు తెలిస్తే మంచానికి కట్టేసి వైర్లు తగిలిస్తావట. ఏం చెయ్యను? ఒట్టు తప్పలేను, చూస్తూ ఊరుకోనూ లేను.”

“ఎన్నాళ్ళుగా ఇలా?”

“ఒక రోజు అద్దం ముందు గడ్డం గీసుకుంటూ అలా ఒరిగిపోయారు. నేను తువ్వాలు ఇద్దామని వెళ్ళాను కాబట్టి సరిపోయింది. ‘సబ్బు నురగ మీద కాలు జారింది’ అన్నారు. నురగ ఉన్నది మొహం మీద, కాలెక్కడ జారుతుంది? తర్వాత బట్ట కత్తిరిస్తూ ఒకసారి. కత్తెర జారి నేల మీద పడింది, ఆయన గోడకి ఆనుకుని నవ్వుతూ నిలబడ్డారు.”

“నాకు సైగ చేసినా సరిపోయేదిగా.”

“సైగ కూడా చెప్పడమే. అందుకే నువ్వు నాకు కట్టిన పెట్టె విప్పి ఆయనకి కట్టాను. ఎక్కడెక్కడ అతికించాలో నా ఒంటి మీద పెన్నుతో గుర్తులు పెట్టావుగా, వాటినే చూసుకుంటూ అతికించాను.”

“ఆయనెలా ఒప్పుకున్నారు?”

“నడుం నొప్పికి కొత్త మిషనన్నాను. నాకు హాయిగా ఉంది, ఒక్క రోజు మీరూ కట్టుకోండి, కోడలికి చెప్పకండి అన్నాను.”

“నమ్మారా!”

“పాపం, అమాయకుడు. పెళ్ళైన దగ్గర్నుంచి నేనేం చెప్పినా నమ్ముతున్నారు.”

“దొంగ అత్తయ్యా! నా పరిశోధనలో ఆడవాళ్ళ వరసలోకి మగాడి గుండెని దూర్చారు. మా ప్రొఫెసర్‌కి ఏమని చెప్పను?”

“కొట్టేసెయ్ అందులోంచి. నాది మళ్ళీ తీసుకుందువు గాని, గడియారంలానే ఉంటుంది. అవన్నీ తర్వాత, ముందు ఇది చెప్పు. ఆయనకేం కాదుగా?”

“అత్తయ్యా, మీ చేతులు చల్లబడ్డాయి.”

“అడిగినదానికి చెప్పు.”

“ఏం కాదు. అది పెట్టించుకున్నాక మనిద్దర్నీ కలిపి ఒక వారం తిడతారు, అంతే. కానీ ఆలస్యం చెయ్యకూడదు. ఈ రోజే తీసుకెళ్దాం. ముందు మామయ్య స్కూటర్ తాళం మీ దగ్గర పెట్టుకోండి.”

“ఎప్పుడో పెట్టుకున్నాను. బియ్యం డబ్బాలో ఉంది. పాపం, ఇల్లంతా వెతుక్కుంటున్నారు.”

“మీరు గుండె డాక్టర్ కావాల్సింది, కాదు, పోలీసు కావాల్సింది. ఏదేమైనా బటన్ సంగతి మాత్రం ఆయనకి బాగా నేర్పారు. చదవడానికి నాకు అదే పనికొచ్చింది.”

“ఏ బటన్?”

“పెట్టె మీద ఉంటుంది చూడండి. గుండెలో తేడాగా అనిపిస్తే నొక్కమని మీకు చెప్పానుగా. గుండె ఆగిన ప్రతిసారీ, తేరుకోగానే నొక్కినట్టు గుర్తు పడింది. ఒక్కటి కూడా తప్పలేదు.”

“నేను నొక్కలేదే.”

“మీరు కాదు, మామయ్య. నొక్కమని చెప్పే ఉంటారుగా?”

“నేనెలా చెప్తానే? నడుం నొప్పి మిషన్ని చేతికిచ్చి, గుండెలో తేడా చేస్తే నొక్కండి అంటానా?”

“మీరు చెప్పకపోతే...”

“ఉండు. ముందు గదిలో చప్పుడు ఆగిందేమిటి?”

“మామయ్యా! ఎప్పుడొచ్చారు? అక్కడ నిలబడకండి, ఈ కుర్చీలో కూర్చోండి.”

“కూర్చుంటానులే అమ్మా. వచ్చి చాలాసేపైంది. ‘అమాయకుడు’ అన్న దగ్గర్నుంచి వింటున్నాను.”

“ఏమండీ... ఆ బటన్ మీరు నొక్కారా?”

“కోడలు నీకు పెట్టె కడుతూ అన్నీ చెప్పినప్పుడు తలుపు అవతలే ఉన్నాను. అయినా నడుం నొప్పి మిషన్ని గుండెల మీద అతికిస్తారటే ఎవరైనా?”

“అంతా తెలిసి, ఏమీ తెలియనట్టు కట్టించుకున్నారా?”

“చెప్పొద్దని నీ చేత ఒట్టు వేయించిన మొహంతో, నాకు భయమేస్తోందమ్మా అని కోడలి దగ్గరికి ఎలా వెళ్ళనే? అందుకే, ఆగినప్పుడల్లా నొక్కాను.”