దిద్దడానికివ్వని అధ్యాయం

రక్తపరీక్షల గది బయట బెంచీ మీద కూతురు కుదురుగా కూర్చోలేకపోతోంది. లోపల రిపోర్టు ఇంకా తయారు కాలేదు. పక్కనున్న తండ్రి నోరు తెరిస్తే వెల్లుల్లి వాసన గుప్పుమంటోంది.

“షుగరు మాత్రలు మానేసి ఎన్నాళ్లయింది నాన్నా?”

“పంతొమ్మిది రోజులు. నువ్వలా లేస్తూ కూర్చుంటూ ఉంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి.”

“అది నా వల్ల కాదు, షుగరు వల్ల. అసలు మానెయ్యమని ఎవరు చెప్పారు?”

“నువ్వే. నీ థీసిస్‌లో అచ్చుతప్పులు దిద్దింది నేను కాదూ? షుగరున్న ఎలుకలకి వెల్లుల్లి రసం పడితే లివరు అంతగా దెబ్బతినలేదని రాశావు. అందుకే రోజుకి ఆరు రెబ్బలు పచ్చివే నములుతున్నా. మీ అమ్మ నా పక్క వరండాలోకి మార్చేసింది కూడా.”

“అవి ఎలుకలు నాన్నా! మాత్రలు మానమని అందులో ఎక్కడుంది?”

“మానొద్దని మాత్రం ఎక్కడుంది? ముప్ఫయ్యేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, నా కంట పడకుండా పోతుందా?”

ఆమె మళ్లీ లేచి, తలుపు దాకా వెళ్లి వచ్చింది.

“సరే గానీ, వాటి లివరు బాగుందని మీ ల్యాబులో మీకెలా తెలిసింది?” అన్నాడు తండ్రి.

“అదంతా వేరే అధ్యాయంలో ఉంది.”

“నాకివ్వలేదే?”

“కావాలనే ఇవ్వలేదు. చదివితే నీకు అన్నం సహించదని.”

“ఏం చేశారేంటి?”

“కోసి చూశాం.”

తండ్రి చొక్కా జేబులోంచి రెండు వెల్లుల్లి రెబ్బలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“మాత్రలు తెచ్చావా?”